అన్ని పీహెచ్‌పీ పేజీలకూ ఒకే ఫుటర్: కలపవలసిన చోటు ఏది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. కళాశాల వెబ్‌సైటు మొదట డాట్ ఎస్‌హెచ్‌టీఎంఎల్ పేజీలతో ఉండేది. ప్రతి పేజీ అడుగున ఒక ఎస్‌ఎస్‌ఐ ఇన్‌క్లూడ్ వరుస (పేజీలోకి మరో ఫైలును తెచ్చి కలపమని సర్వర్‌కు చెప్పేది) ఉండి, దాని ద్వారా ఒకే ఫుటర్, అంటే పేజీ అడుగు భాగం, అన్నింటిలోకీ వచ్చేది. తర్వాత వాటిలో చాలా పేజీలను పీహెచ్‌పీలోకి (సర్వర్‌లో నడిచి పేజీలను తయారుచేసే భాష) మార్చారు. ఆ వరుసను మాత్రం అలాగే ఉంచారు. ఇప్పుడు ఫుటర్ రావడం లేదు. పేజీ సోర్సు తెరిస్తే ఆ వరుస మామూలు హెచ్‌టీఎంఎల్ కామెంటులా ఉన్నదున్నట్టు కనిపిస్తోంది. పేజీలు కొన్ని వందలు ఉన్నాయి కనుక ఒక్కదాన్నీ ముట్టుకోకుండా, అపాచీ అనే వెబ్ సర్వర్‌లోనే ఫుటర్ కలిపే ఉపాయం చెప్పమని అడిగారు.

ముందుగా సమాధానం. సర్వర్‌లో కలపడం సాధ్యమే, అందుకు మార్గాలు కూడా ఒకటికి మించి ఉన్నాయి. అయినా మీ సైటుకు నేను వాటిని సూచించను. ఫుటర్ ఎక్కడ రావాలో ఆ చోట ప్రతి పేజీలోనూ మీకు ఇప్పటికే ఒక గుర్తు ఉంది: ఆ పాత ఎస్‌ఎస్‌ఐ వరుసే. దాన్ని అన్ని ఫైళ్లలోనూ ఒకే ఆదేశంతో పీహెచ్‌పీ ఇన్‌క్లూడ్ వరుసగా మార్చేయండి. చేత్తో వందల పేజీలు దిద్దనక్కరలేదు. జాగ్రత్తగా సిద్ధమైతే ఒక పూట పని. పేజీలను నిజంగా ముట్టుకోలేని పరిస్థితి ఉంటే, అంటే వేరెవరో కోడ్ కనబడకుండా ఎన్‌కోడ్ చేసి ఇచ్చిన అప్లికేషన్ అయితే, అప్పుడు మాత్రం కింద చెప్పే అవుట్‌పుట్ బఫర్ పద్ధతికి (పేజీని పంపేముందు మెమరీలో ఆపి మార్చడం) వెళ్లండి. ఆటో అపెండ్ ఫైల్ అనే తేలిక దారి మొత్తం సైటుకు పెట్టకండి.

ఇక కారణాలు. ఎస్‌ఎస్‌ఐ వరుస హెచ్‌టీఎంఎల్ కామెంటు రూపంలోనే ఉంటుంది. అపాచీలోని మాడ్ ఇన్‌క్లూడ్ అనే భాగం పేజీని చదివి, ఆ కామెంటును గుర్తుపట్టి, దాని స్థానంలో ఫైలును పెడుతుంది. ఆ భాగం ఏ పేజీలను చదవాలో ఫైలు పొడిగింపును బట్టి మనమే చెప్పి ఉంటాం. సాధారణంగా డాట్ ఎస్‌హెచ్‌టీఎంఎల్‌కు మాత్రమే చెబుతాం. డాట్ పీహెచ్‌పీ పేజీ దాని కంటపడదు. పీహెచ్‌పీ దృష్టిలో అది తన ట్యాగుల బయట ఉన్న పాఠ్యం, అందుకని ముట్టుకోకుండా బ్రౌజర్‌కు పంపుతుంది. బ్రౌజర్ దాన్ని కామెంటు అనుకుని చూపకుండా వదిలేస్తుంది. ముగ్గురిలో ఎవరూ తప్పు చేయలేదు కాబట్టే ఎర్రర్ లాగ్‌లో ఒక్క ముక్క కూడా కనిపించదు.

అపాచీ 1.3 కాలంలో ఈ రెండింటినీ కలపడానికి దారే లేదు. ఒక అభ్యర్థనకు ఒకే హ్యాండ్లర్ (పేజీని సిద్ధం చేసే భాగం). పేజీని తయారుచేసేది పీహెచ్‌పీ అయితే మాడ్ ఇన్‌క్లూడ్‌కు అవకాశం రాదు. 2002లో సాధారణ వాడకానికి విడుదలైన అపాచీ 2.0 అవుట్‌పుట్ ఫిల్టర్లను తెచ్చింది. పేజీని ఒకరు తయారుచేస్తే, బయటికి వెళ్లే దారిలో దాన్ని మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు చదివి మార్చవచ్చు. కాబట్టి ఇప్పుడు డాట్ పీహెచ్‌పీ పొడిగింపుకు కూడా ఇన్‌క్లూడ్స్ ఫిల్టర్‌ను తగిలించి, ఆ ఫోల్డరుకు ఇన్‌క్లూడ్స్ ఆప్షన్ ఇస్తే మీ పాత వరుసలు మళ్లీ పనిచేస్తాయి. మీరు అడిగిన ప్రశ్నకు అక్షరాలా సమాధానం అదే.

దాన్ని నేను ఎందుకు వద్దంటున్నానంటే, ఫిల్టర్ చదివేది మీరు రాసిన కోడ్‌ను కాదు, ఆ కోడ్ నడిచినప్పుడు బయటికి వచ్చిన పేజీని. అందులో విద్యార్థి రాసిన ఫిర్యాదు ఉండవచ్చు, పూర్వ విద్యార్థుల పేజీలో ఎవరో నింపిన వ్యాఖ్య ఉండవచ్చు. ఆ వ్యాఖ్యలో ఎవరైనా ఒక ఎస్‌ఎస్‌ఐ ఆదేశం రాసి, మీ పేజీ దాన్ని శుద్ధి చేయకుండా చూపిస్తే, సర్వర్ దాన్ని మీ మాటగానే భావించి అమలు చేస్తుంది. ఎస్‌ఎస్‌ఐలో ఎగ్జెక్ అనే ఆదేశం ఉంది. అది సర్వర్‌లో కమాండ్లను నడుపుతుంది. ఈ మార్గం ఎంచుకోక తప్పకపోతే ఇన్‌క్లూడ్స్ ఆప్షన్ స్థానంలో ఇన్‌క్లూడ్స్ నో ఎగ్జెక్ ఆప్షన్ పెట్టండి. అది కమాండ్లను ఆపుతుంది గాని, ఎస్‌ఎస్‌ఐ ద్వారా సైటులోని ఇతర పేజీలను లాగి చూపించడాన్ని పూర్తిగా ఆపదు. ఒక ఫుటర్ కోసం ఇంత తలుపు తెరవడం సబబు కాదు.

ఆటో అపెండ్ ఫైల్ గురించి. ఈ ప్రశ్న ఎక్కడ అడిగినా మొదట వచ్చే జవాబు ఇదే. పీహెచ్‌పీ సెట్టింగుల్లో ఈ పేరుతో ఒక ఫైలును చూపితే (ఇంగ్లీషులో మూడు మాటల మధ్యా అండర్‌స్కోరు ఉంటుంది), ప్రతి స్క్రిప్టు ముగిశాక ఆ ఫైలు దానంతటదే నడుస్తుంది. పీహెచ్‌పీ అపాచీ మాడ్యూలుగా నడుస్తుంటే డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో (ఫోల్డరుకు అపాచీ సెట్టింగులు రాసే ఫైలు) పీహెచ్‌పీ వాల్యూ వరుసగా పెట్టవచ్చు. ఎఫ్‌పీఎమ్ (అపాచీకి బయట విడిగా నడిచే పీహెచ్‌పీ సేవ) ద్వారా నడుస్తుంటే అదే వరుస 500 ఎర్రర్ తెస్తుంది. అక్కడ డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ అనే ఫైలులో పెట్టాలి. ఈ సౌకర్యం పీహెచ్‌పీ 5.3 నుంచి ఉంది. ఆ ఫైలును పీహెచ్‌పీ మామూలుగా 300 సెకన్లకు ఒకసారి మాత్రమే మళ్లీ చదువుతుంది. చాలామంది మార్పు పెట్టి, వెంటనే పేజీ చూసి, పనిచేయలేదని ఇంకో నాలుగు చోట్ల ఇంకో నాలుగు మార్పులు చేస్తారు. అయిదు నిమిషాల తర్వాత అన్నీ ఒక్కసారిగా అమల్లోకి వచ్చి ఒక పేజీకి రెండు మూడు ఫుటర్లు వస్తాయి. పెట్టాక కాసేపు ఆగడం అవసరం.

చిక్కు ఎక్కడంటే ఆ సెట్టింగుకు ఏది పేజీయో, ఏది కాదో తెలియదు. ఆ ఫోల్డరులోని ప్రతి పీహెచ్‌పీ స్క్రిప్టు దానికి ఒకటే. హాజరు వివరాలను జేసన్‌గా (ప్రోగ్రాములు చదివే డేటా రూపం) ఇచ్చే స్క్రిప్టు చివర కూడా మీ ఫుటర్ అంటుకుంటుంది. దాన్ని చదవవలసిన జావాస్క్రిప్ట్ అక్కడితో ఆగిపోతుంది. ఫీజు బకాయిల జాబితాను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టిక) దించుకునే స్క్రిప్టు ఉంటే, ఎక్సెల్‌లో ఆఖరి విద్యార్థి పేరు కింద డివ్ ట్యాగులు, కళాశాల చిరునామా, కాపీరైటు గుర్తు గళ్లలో పరుచుకుని కనిపిస్తాయి.

వీటికంటే ఇబ్బంది పెట్టేది పీడీఎఫ్. ఒక కళాశాలలో హాల్ టికెట్లను స్క్రిప్టు ద్వారా పీడీఎఫ్‌గా ఇచ్చేవారు, సైటంతటికీ ఆటో అపెండ్ పెట్టి ఉంది. చాలాకాలం ఏ ఫిర్యాదూ లేదు. తర్వాత ఫుటర్‌లో బస్సు మార్గాలు, సామాజిక మాధ్యమాల లింకులు, మ్యాపు చేర్చారు. ఆ వారంలోనే హాల్ టికెట్ కొందరికి తెరుచుకోవడం లేదన్న ఫోన్లు మొదలయ్యాయి. నన్ను చూడమన్నప్పుడు ఆ పీడీఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి అడుగుకు వెళ్లాను. పీడీఎఫ్ ముగింపును తెలిపే గుర్తు, రెండు శాతం గుర్తులతో మొదలయ్యే ఈఓఎఫ్, ఉంది. దాని కింద ఫుటర్ మొత్తం ఉంది. అడోబీ అక్రోబాట్ ఆ ముగింపు గుర్తు ఫైలు చివరి 1024 బైట్లలో ఎక్కడ ఉన్నా సరిపెట్టుకుంటుంది. ఫుటర్ చిన్నదిగా ఉన్నంతకాలం ఆ హద్దులో ఇమిడింది, పెరిగాక దాటింది. పరీక్షల విభాగం వారు హాల్ టికెట్ కోడ్‌ను ఎంత వెతికినా అందులో దోషం దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అలాంటి స్క్రిప్టులున్న ఫోల్డరులో ఆ సెట్టింగుకు నన్ అనే విలువ ఇస్తే ఆటో అపెండ్ ఆగుతుంది. అయితే కొత్తగా అలాంటి స్క్రిప్టు రాసే ప్రతివారికీ ఈ సంగతి ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి, చెప్పేవారు ఉద్యోగం మారితే ఆ జ్ఞానం కూడా వారితోనే పోతుంది.

ఇంకో మూడు విషయాలు త్వరగా చెబుతాను. స్క్రిప్టు ఎగ్జిట్‌తో ముగిస్తే ఆటో అపెండ్ జరగదు. అందుకే కొన్ని పేజీల్లో ఫుటర్ వచ్చి కొన్నింటిలో రాదు. ఆ ఫైలును పీహెచ్‌పీ రిక్వైర్ పద్ధతిలో కలుపుతుంది, అంటే ఫైలు తొలగిపోయినా, పేరు మారినా ప్రతి పేజీ చివరా ఫేటల్ ఎర్రర్ వస్తుంది. ఇక దాన్ని ప్రధాన పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐలో పెట్టి, క్రాన్ పనులు (నిర్ణీత వేళకు వాటంతటవే నడిచేవి) కూడా అదే ఐఎన్ఐని వాడుతుంటే, రాత్రి నడిచే పనుల ఫలితాల కిందా మీ ఫుటర్ చేరుతుంది.

పేజీలను ముట్టుకోలేనప్పుడు బఫర్. ఆటో అపెండ్‌కు బదులు ఆటో ప్రీపెండ్ ద్వారా ఒక చిన్న ఫైలును ముందు నడిపించి, అందులో ఓబీ స్టార్ట్‌కు (బఫర్‌ను మొదలుపెట్టే పీహెచ్‌పీ ఫంక్షన్) మీ సొంత ఫంక్షన్‌ను ఇవ్వండి. పేజీ మొత్తం బఫర్‌లో చేరాక ఆ ఫంక్షన్ చేతికి వస్తుంది. అది రెండు విషయాలు చూడాలి: కంటెంట్ టైప్ హెడర్ హెచ్‌టీఎంఎల్ అవునా కాదా, పేజీలో బాడీ ముగింపు ట్యాగు ఉందా లేదా. రెండూ ఉంటే, ఆ ట్యాగు ఆఖరుసారి ఎక్కడ వచ్చిందో వెతికి దానికి సరిగ్గా ముందు ఫుటర్ చొప్పించాలి. ఏ ఒక్కటి లేకపోయినా పేజీని ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వాలి. దీంతో జేసన్, సీఎస్‌వీ, పీడీఎఫ్‌లకు ముప్పు తప్పుతుంది. జావాస్క్రిప్ట్ తెచ్చుకునే హెచ్‌టీఎంఎల్ తునకలకు బాడీ ట్యాగు ఉండదు కనుక అవీ క్షేమం. ఎగ్జిట్‌తో ముగిసిన పేజీల్లో కూడా బఫర్ ఖాళీ అయ్యే వేళ ఆ ఫంక్షన్ నడుస్తుంది కాబట్టి ఫుటర్ వస్తుంది. ఆటో అపెండ్‌లో ఫుటర్ హెచ్‌టీఎంఎల్ ముగింపు ట్యాగు తర్వాత పడేది. బ్రౌజర్లు దాన్ని బాడీలోకి సర్దుకుని చూపించినా అది సరైన పేజీ కాదు. ఇక్కడ ఆ లోపం కూడా ఉండదు.

ఈ పద్ధతిలో తట్టుకునే రాయి ఒకటుంది. ఆ ఫంక్షన్ లోపల మళ్లీ ఓబీ స్టార్ట్ పిలిస్తే పీహెచ్‌పీ ఫేటల్ ఎర్రర్ ఇస్తుంది. ఫుటర్ ఫైలును అక్కడికక్కడ ఇన్‌క్లూడ్ చేసి, దాని ఫలితాన్ని పట్టుకోవాలనుకునేవారు సరిగ్గా ఇదే చేస్తారు. ఫుటర్‌ను ముందే తయారుచేసి ఒక స్ట్రింగులో ఉంచుకోండి, లేదా తయారైన హెచ్‌టీఎంఎల్ ఫైలును నేరుగా చదవండి. పేజీ తన కంటెంట్ లెంగ్త్ హెడర్‌ను తానే పంపుతుంటే అదీ ఇబ్బందే: ఫుటర్ చేరిన మేరకు పేజీ పెరుగుతుంది, హెడర్‌లోని సంఖ్య మాత్రం పాతదే ఉంటుంది, బ్రౌజర్ ఆ సంఖ్య దగ్గర చదవడం ఆపేస్తుంది. పెద్ద ఫైళ్లను దించే స్క్రిప్టులు మొత్తం ఫైలును మెమరీలో పోగేయకుండా, అవి మొదట్లోనే బఫర్‌ను మూసేలా చూసుకోండి.

ఇక మీకు నేను సూచించే పని. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆదేశం చిన్నదే గాని దాని ముందూ వెనకా చేయవలసిన పని ఉంది.

మొదట సైటు మొత్తాన్ని గిట్‌లో (ఫైళ్ల పాత రూపాలను భద్రపరిచే సాధనం) పెట్టండి, లేదా కనీసం తేదీలు చెదరకుండా పూర్తి కాపీ తీసుకోండి. తర్వాత గ్రెప్ అనే వెతికే ఆదేశంతో, పెద్ద చిన్న అక్షరాల తేడా లేకుండా, హ్యాష్ ఇన్‌క్లూడ్ అన్న మాట ఉన్న ప్రతి వరుసనూ వెతికి జాబితాగా తీయండి. ఆ జాబితాను ఓపికగా చదవండి. ఒకే వరుస అనుకున్నది నాలుగైదు రూపాల్లో ఉంటుంది: కొన్నింట వర్చువల్ అని, కొన్నింట ఫైల్ అని, ఒకచోట ఒంటి కోట్లతో, ఇంకోచోట చివర ఖాళీతో, విండోస్‌లో సేవ్ చేసిన ఫైళ్లలో వరుస చివర వేరే గుర్తుతో. ఫుటర్‌వి కాక మెనూవి, హెడర్‌వి కూడా అదే జాబితాలో వస్తాయి. ప్రతి రూపానికీ విడిగా ఒక మార్పు రాసుకోవడం మంచిది. ఒకే తెలివైన ప్యాటర్న్‌తో అన్నింటినీ పట్టాలని చూడవద్దు.

జాబితాలో ఒక రకాన్ని మాత్రం వేరు చేయాలి. ఆ వరుస హెచ్‌టీఎంఎల్ భాగంలో విడిగా ఉంటే దాని స్థానంలో పీహెచ్‌పీ ట్యాగుతో కూడిన ఇన్‌క్లూడ్ పెడితే సరిపోతుంది. అదే వరుస ఒక ఎకో (పాఠ్యాన్ని బయటికి పంపే పీహెచ్‌పీ ఆదేశం) కోట్ల మధ్య ఉంటే, అక్కడ పీహెచ్‌పీ ట్యాగు పెట్టినా అది అమలు కాదు. పాఠ్యంగానే బ్రౌజర్‌కు చేరి, మళ్లీ కనిపించకుండా పోతుంది. మీకు ఇప్పుడున్న రోగమే వేరే రూపంలో తిరిగి వస్తుంది. అలాంటి ఫైళ్లు సాధారణంగా కొద్దిగానే ఉంటాయి. వాటిని చేత్తో దిద్దండి.

ఇన్‌క్లూడ్‌లో ఫైలు దారి ఎలా రాయాలన్నది తరువాతి ప్రశ్న. చుక్క చుక్క గీతలతో రాసే సాపేక్ష దారి వద్దు. పేజీలు వేర్వేరు లోతుల్లో ఉన్నాయి, ఒకే వరుస అన్నిచోట్లా పనిచేయాలి. అదే కారణంగా, నేను మామూలుగా ఇష్టపడే డిర్ స్థిరాంకం (ఆ ఫైలు ఉన్న ఫోల్డరును చెప్పేది) కూడా ఇక్కడ నప్పదు. సర్వర్ అనే సూపర్ గ్లోబల్‌లోని (ఎక్కడైనా అందే పీహెచ్‌పీ వేరియబుల్) డాక్యుమెంట్ రూట్, అంటే సైటు మూల ఫోల్డరు, నుంచి దారి మొదలుపెట్టండి, లేదా ఇన్‌క్లూడ్ పాత్ సెట్టింగులో ఫోల్డరును చేర్చి పేరు మాత్రం రాయండి. ఫుటర్ అసలు ఫైలును డాక్యుమెంట్ రూట్ బయట ఒక ఫోల్డరులో ఉంచండి. దానికి డాట్ ఐఎన్‌సీ అని పేరు పెట్టి సైటు లోపలే ఉంచితే, ఎవరైనా ఆ చిరునామాను నేరుగా తెరిచినప్పుడు సర్వర్ దాని కోడ్‌ను పాఠ్యంగా చూపించే ప్రమాదం ఉంది. అందులో డేటాబేస్ పాస్‌వర్డు ఉన్న సైట్లను కూడా నేను చూశాను.

ఫుటర్‌కు రిక్వైర్ కంటే ఇన్‌క్లూడ్ సముచితం. ఫుటర్ ఫైలు ఏ కారణంగానైనా కనబడకపోతే ఇన్‌క్లూడ్ ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకు సాగుతుంది. ఫలితాల పేజీ చూడటానికి వచ్చిన విద్యార్థికి ఫుటర్ లేకపోయినా ఫలితం కనిపించాలి.

ఉప డొమైన్లున్న కళాశాలల్లో ఇంకో అలవాటు కనిపిస్తుంది: ప్రధాన సైటులోని ఫుటర్‌ను హెచ్‌టీటీపీ చిరునామాతో ఇన్‌క్లూడ్ చేయడం. పీహెచ్‌పీ 5.2 నుంచి ఇది మామూలుగా ఆపివేసి ఉంటుంది, దాన్ని తెరవకండి. ఒక్కొక్క పేజీ చూపడానికి సర్వర్ తనకు తానే మరో అభ్యర్థన పంపుకోవలసి వస్తుంది. ఫలితాలు విడుదలైన రోజున ప్రాసెస్‌లన్నీ పేజీలతో నిండి, ప్రతి ఒక్కటీ తన ఫుటర్ కోసం ఖాళీ ప్రాసెస్ ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూస్తే, మొత్తం సైటు నిలిచిపోతుంది. అన్నీ ఒకే యంత్రంలో ఉంటే ఫైలు దారితోనే పంచుకోండి. వేరు యంత్రాలైతే క్రాన్ ద్వారా నిర్ణీత సమయానికి తెచ్చుకుని, తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చండి. అప్పుడు సగం రాసిన ఫుటర్ ఎవరికీ కనబడదు.

ఈ మార్పులను అన్ని ఫైళ్లలోనూ చేసే ఆదేశం సెడ్. దాన్ని నడిపే ముందు తేదీలను కాపాడుకోండి. దీన్ని చాలామంది గమనించరు. కళాశాల సైట్లలో, ముఖ్యంగా ప్రభుత్వ కళాశాలల్లో, పేజీ అడుగున చివరిసారి నవీకరించిన తేదీ ఉంటుంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు, అంటే 2009లో మొదట వచ్చి 2023లో మూడో రూపం తీసుకున్నవి, దాన్ని కోరుతాయి కూడా. ఆ తేదీని ఫైలు మార్పు సమయం నుంచి తీస్తుంటే, సెడ్ నడిచిన క్షణంలో అన్ని పేజీలూ ఈరోజే నవీకరించినట్టు చెప్పడం మొదలుపెడతాయి. మూడేళ్ల కిందటి ఫీజుల పట్టిక మీద ఈరోజు తేదీ పడితే అది తల్లిదండ్రులను తప్పుదోవ పట్టించడమే. తేదీలతో సహా తీసిన కాపీ ఉంటే, మార్పు అయ్యాక టచ్ ఆదేశానికి ఆర్ స్విచ్ ఇచ్చి, కాపీలోని ఫైలు తేదీని అసలు ఫైలుకు తిరిగి వేయవచ్చు. సింబాలిక్ లింకులున్న చోట కూడా జాగ్రత్త: లైనక్స్‌లోని సెడ్ ఫైలును అక్కడికక్కడే మార్చేటప్పుడు లింకును తీసేసి దాని చోట మామూలు ఫైలును పెడుతుంది, ఫాలో సిమ్‌లింక్స్ స్విచ్ ఇస్తే అలా జరగదు. ఆపైన అన్ని ఫైళ్లమీదా పీహెచ్‌పీ ఆదేశాన్ని ఎల్ స్విచ్‌తో నడిపి వ్యాకరణ దోషాలు లేవని నిర్ధారించుకోండి.

తేదీ విషయంలోనే ఇంకో మాట. ఫుటర్ ఫైలు లోపల తన సొంత మార్పు సమయాన్ని అడిగితే వచ్చేది ఫుటర్ తేదీ, పేజీ తేదీ కాదు. గెట్ లాస్ట్ మాడ్ అనే ఫంక్షన్ ప్రధాన స్క్రిప్టు తేదీని ఇస్తుంది, మామూలు పేజీలకు అది చాలు. నోటీసులు, ఫలితాలు డేటాబేస్ నుంచి వచ్చే పేజీలకు స్క్రిప్టు తేదీకి అర్థం లేదు; అక్కడ ఆ సమాచారం నమోదైన తేదీని పేజీయే ఒక వేరియబుల్‌లో పెట్టి ఫుటర్‌కు అందించాలి. ఈ ఒక్క అవసరమే సర్వర్ స్థాయి పద్ధతులకూ ఇన్‌క్లూడ్‌కూ మధ్య పెద్ద తేడా చూపిస్తుంది: బయట నుంచి అతికించిన ఫుటర్‌కు పేజీ సంగతి ఏమీ తెలియదు, లోపల కలిపిన ఫుటర్‌కు తెలుస్తుంది.

మిగిలిపోయిన డాట్ ఎస్‌హెచ్‌టీఎంఎల్ పేజీల కోసం రెండో ఫుటర్ రాయవద్దు. సైటు లోపల ఒక చిన్న పీహెచ్‌పీ ఫైలు పెట్టి, అది బయటి ఫోల్డరులోని అసలు ఫుటర్‌ను ఇన్‌క్లూడ్ చేసేలా చూడండి. ఎస్‌ఎస్‌ఐ వరుసలో వర్చువల్ ద్వారా ఆ చిన్న ఫైలును పిలవండి. అప్పుడు ప్రధాన స్క్రిప్టు ఆ చిన్న ఫైలే అవుతుంది కనుక తేదీ తప్పుగా వస్తుంది. ఆ పేజీల్లో తేదీని ఎస్‌ఎస్‌ఐ తన లాస్ట్ మాడిఫైడ్ వేరియబుల్‌తోనే చూపించాలి, ఫుటర్ చూపించకూడదు.

ఫుటర్‌లో ఏముండాలన్నదానిపై కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది, ఎందుకంటే సైటులో ప్రతి పేజీ దాని భారం మోస్తుంది. మన కళాశాల సైట్లకు ఎంతో ఇష్టమైన సందర్శకుల సంఖ్యను తీసుకోండి. ఒక ఫైలును తెరిచి, తాళం వేసి, సంఖ్యను ఒకటి పెంచి, తిరిగి రాసే పని ప్రతి పేజీకీ జరుగుతుంది; రద్దీ వేళ అందరూ ఆ ఒక్క తాళం దగ్గర వరుసలో నిలబడతారు. సంఖ్య కావాలంటే సర్వర్ లాగ్ నుంచి రోజుకోసారి లెక్కించి, ఫుటర్‌లో ఆ అంకెను మాత్రం చూపండి. తాజా నోటీసులను ఫుటర్‌లో డేటాబేస్ నుంచి తెచ్చేవారు, పేజీ అప్పటికే కనెక్షన్ మూసేసి ఉండవచ్చన్న సంగతి గుర్తుంచుకోవాలి. లింకులన్నీ సైటు మూలం నుంచి, అంటే ముందు గీతతో, మొదలవ్వాలి. లేకపోతే హోమ్ పేజీలో పనిచేసిన సంప్రదించండి లింకు విభాగాల ఫోల్డర్లలో 404 చూపిస్తుంది.

తెలుగు ఫుటర్ అయితే ఎన్‌కోడింగ్ తప్పక చూడండి. యూటీఎఫ్ 8లో తెలుగులోని ప్రతి అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు మూడేసి బైట్లు తీసుకుంటుంది, వాటన్నింటికీ మొదటి బైటు ఒకటే. పాత పేజీ తన ఎన్‌కోడింగ్ లాటిన్ 1 (పశ్చిమ ఐరోపా భాషలది) అని చెప్పుకుంటూ ఉంటే, అందులోకి వచ్చిన మీ తెలుగు ఫుటర్ నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న రోమన్ అక్షరంగా, చాలాచోట్ల దాని పక్కనే డిగ్రీ గుర్తుగా, పదే పదే కనిపిస్తుంది. ఆ జంట కనిపించిందంటే దోషం ఫుటర్‌లో కాదు, దాన్ని మోస్తున్న పేజీ ప్రకటించిన ఎన్‌కోడింగ్‌లో ఉంది. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో తయారైన తెలుగు పేజీలు ఇంకా ఉంటే వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చండి. మార్చకుండా ఫుటర్ కలిపే ప్రయత్నం చేయకండి. ఫుటర్ ఫైలును సేవ్ చేసేటప్పుడు బీఓఎమ్ (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్‌ను తెలిపే గుర్తు) లేకుండా సేవ్ చేయాలి. పేజీ మధ్యలో వచ్చే బీఓఎమ్ కంటికి కనబడదు గాని, ఫుటర్ పైన కారణం లేని ఖాళీ వరుసగా తేలుతుంది. అదే బీఓఎమ్ హెడర్ ఫైలులో ఉంటే సెషన్, దారి మళ్లింపు రెండూ చెడతాయి.

మీ సర్వర్ ముందు ఎంజిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ ఉంటే సబ్ ఫిల్టర్ ద్వారా బాడీ ముగింపు ట్యాగును ఫుటర్‌తో మార్చవచ్చు. వెనక సర్వర్ పేజీని జిప్ చేసి పంపితే అది పనిచేయదు, కనుక వెనక్కి పంపే అభ్యర్థనలో యాక్సెప్ట్ ఎన్‌కోడింగ్ హెడర్‌ను ఖాళీ చేయాలి. జేఎస్‌పీ (జావాతో పేజీలు తయారుచేసే పద్ధతి) వాడేవారికి వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఇన్‌క్లూడ్ కోడా అనే ఏర్పాటు ఉంది. జాంగో, లారావెల్ వంటి వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో ఈ ప్రశ్నే రాదు, పేజీలన్నీ ఒక మూల టెంప్లేటు నుంచి పుడతాయి. మీ సైటును ఎప్పుడైనా తిరగరాస్తే ఆ దిశగా వెళ్లండి, ఫుటర్ కోసమని ఇప్పుడే తిరగరాయకండి.

పని అయ్యాక పరీక్ష. ఫుటర్‌లో ఒక ప్రత్యేకమైన ఐడీ పెట్టండి. సైట్‌మ్యాపులోని అన్ని చిరునామాలనూ కర్ల్ (పేజీలను తెచ్చే ఆదేశం) ద్వారా తెచ్చి, ప్రతి పేజీలో ఆ ఐడీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి. సున్నా వచ్చిన పేజీలు మీ ప్యాటర్న్‌కు అందనివి. రెండు వచ్చినవి ఒక పేజీ మరో పేజీని ఇన్‌క్లూడ్ చేసుకున్నవి. జేసన్, సీఎస్‌వీ, పీడీఎఫ్ ఇచ్చే చిరునామాలను విడిగా రాసుకుని, వాటిలో ఆ ఐడీ ఒక్కసారి కూడా రాకూడదని చూడండి. లాగిన్ వెనక ఉన్న పేజీలు సైట్‌మ్యాపులో ఉండవు. వాటిని విద్యార్థిగా, అధ్యాపకుడిగా విడివిడిగా లాగిన్ అయి తెరిచి చూడాలి. లేని చిరునామా ఒకటి కావాలని తెరిచి 404 పేజీలో కూడా ఫుటర్ వస్తోందో లేదో గమనించండి. దారి తప్పి వచ్చినవారికి కళాశాల ఫోన్ నంబరు, హోమ్ పేజీ లింకు అన్నింటికంటే ఎక్కువగా కావలసింది అక్కడే.

గ్రెప్ జాబితాలో మీకు అనుమానంగా తోచిన వరుసలు ఉంటే, పాస్‌వర్డుల వంటివి తీసేసి, ఆ వరుసను దాని పైనా కిందా అయిదారు వరుసలతో కలిపి ఇక్కడ పెట్టండి. ఏ రూపానికి ఏ మార్పు రాయాలో చూసి చెబుతాను.